విమానం కూలినా కంపెనీ ఎందుకు కూలదు?

పోయిన నెల ఈ శీర్షికలో రెండుసార్లు కూలిన బోయింగ్ 737 మ్యాక్స్ విమానాల గురించి నాలుగు లైన్ల జవాబు ఒకటి రాస్తే దాని మీద ఇన్ని ప్రశ్నలొస్తాయని అనుకోలేదండి. అందుకే ఈసారి పీఎఫ్, జీఎస్టీ, ఇంటి లోన్ ప్రశ్నలన్నీ పక్కన పెట్టి పేజీలన్నీ దీనికే ఇచ్చేశాం. మిగతావాళ్ళు ఏమీ అనుకోకండి, వచ్చే నెల మీదే.

ప్రశ్న: మా ఊళ్ళో ఒక హోటల్లో తిని పదిమందికి వాంతులైతే ఆర్నెల్లలో ఆ హోటల్ మూతపడింది. రెండు విమానాల్లో 346 మంది చనిపోతే బోయింగ్ మాత్రం ఇంకా దర్జాగా అమ్ముకుంటోంది. ఇదెలా సార్?
– బీకాం విద్యార్థి, హనుమకొండ

జవాబు: ఆ హోటల్ పక్కన ఇంకో పది హోటళ్ళు ఉండి ఉంటాయి బాబూ, అందుకే మూతపడింది. నూట యాభై, రెండొందల మంది పట్టే జెట్ విమానాలు వందల లెక్కన కావాలంటే మాత్రం ప్రపంచం మొత్తానికీ రెండే దుకాణాలు, అమెరికాలో బోయింగ్, యూరప్‌లో ఎయిర్‌బస్. చైనా వాళ్ళ కోమాక్ ఉంది గానీ దాని సీ919 ఇంకా చైనా ఎయిర్‌లైన్ల దగ్గరే తిరుగుతోంది. బోయింగ్ మీద కోపమొచ్చి ఎయిర్‌బస్ దగ్గరికెళ్తే వాళ్ళు ఆర్డర్ సంతోషంగానే తీసుకుంటారు, విమానం మాత్రం బోలెడు ఏళ్ళ తర్వాతే ఇస్తారు, ఎందుకంటే అక్కడ లైన్లో ముందే 8 వేలకు పైగా విమానాలున్నాయి. పైగా కంపెనీ మారితే పైలట్లకి మళ్ళీ ట్రైనింగ్, మెకానిక్కులకి మళ్ళీ లైసెన్సులు, స్పేర్ పార్టులన్నీ వేరే, ఆ ఖర్చు చూసి చాలామంది కోపం దిగమింగుకుని ఉన్నచోటే ఉండిపోతారు.

అసలు ఏం జరిగిందో తెలియనివాళ్ళ కోసం చెప్తాను. 2018 అక్టోబర్ 29న లయన్ ఎయిర్ విమానం జకార్తాలో లేచిన 13 నిమిషాలకి జావా సముద్రంలో పడింది, 189 మంది పోయారు. 2019 మార్చి 10న ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ విమానం అడిస్ అబాబాలో లేచిన 6 నిమిషాలకే కూలింది, 157 మంది పోయారు, వాళ్ళలో నలుగురు భారతీయులు, మన గుంటూరు నుంచి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. రెండూ 737 మ్యాక్స్‌లే, రెండూ కొత్తవే, అప్పుడప్పుడే ఫ్యాక్టరీ నుంచి వచ్చినవి. రెండోది పడిన మర్నాడే చైనా ఆపేసింది, తర్వాత యూరప్, మన విమాన భద్రతా సంస్థ డీజీసీఏ, పెద్ద దేశాల్లో దాదాపు చివరగా 13వ తేదీన అమెరికా విమాన భద్రతా సంస్థ ఎఫ్‌ఏఏ. అప్పటికి డెలివరీ అయిన 387 విమానాలు అమెరికా లెక్కన 20 నెలలు, మన దగ్గరైతే 2021 ఆగస్టు దాకా నేల మీదే ఉన్నాయి.

ఆర్డర్లు అస్సలు పోలేదని కాదు. సౌదీకి చెందిన ఫ్లైఅడీల్ 2019 జులైలో మ్యాక్స్ వద్దనుకుని ఎయిర్‌బస్ వైపు వెళ్ళిపోయింది. 2020లో 600కి పైగా మ్యాక్స్ ఆర్డర్లు క్యాన్సిల్ అయ్యాయి (అందులో కోవిడ్ వాటా కూడా ఉంది, అంతా ప్రమాదాల మీదే వేయలేం). కానీ అదే 2020 డిసెంబర్లో యూరప్‌లో చౌక టికెట్లమ్మే ఎయిర్‌లైన్ ర్యానయిర్ ఇంకో 75 కొంది, చౌకగా వస్తున్నప్పుడు కొనడమే వాళ్ళ వ్యాపారం. ఇంకో ముచ్చట మన హైదరాబాద్‌లోనే జరిగింది. 2024 జనవరి 5న అమెరికాలో ఒక మ్యాక్స్ విమానానికి గాల్లో పక్క ప్యానెల్ ఊడిపోయింది, రెండు వారాలు కూడా తిరక్కుండానే బేగంపేట వింగ్స్ ఇండియా షోలో అకాసా ఎయిర్ 150 మ్యాక్స్ విమానాలు ఆర్డరిస్తున్నామని ప్రకటించింది!

ఇక దర్జా అన్నారు చూడండి, అది మాత్రం నేనొప్పుకోను. 2018లో బోయింగ్ లాభం 10 బిలియన్ డాలర్ల పైన. 2019 నుంచి 2024 వరకు వరసగా ఆరేళ్ళు నష్టమే, మొత్తం కలిపితే 35 బిలియన్ల పైన, అంటే మన లెక్కలో సుమారు 3 లక్షల కోట్ల రూపాయలు. 2018లో బోయింగ్ 806 విమానాలు డెలివరీ చేస్తే ఎయిర్‌బస్ 800 చేసింది, నువ్వా నేనా అన్నట్టుండేది. 2019కి బోయింగ్ 380, ఎయిర్‌బస్ 863. 2024కి బోయింగ్ 348, ఎయిర్‌బస్ 766. కస్టమర్లు పెద్దగా వెళ్ళిపోకుండానే కంపెనీ సగం అయిపోయింది, ఎందుకో కింది జవాబులో చూడండి.

ప్రశ్న: బోయింగ్ దగ్గర 5 వేల పైచిలుకు విమానాల ఆర్డర్లున్నాయంటారు, మళ్ళీ చేతిలో డబ్బుల్లేక అప్పులు చేస్తోందంటారు. నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను, ఈ లెక్క నాకే అర్థం కావట్లేదు.
– విజయవాడ నుంచి ఒక పాఠకుడు

జవాబు: బ్యాంకులో చేశారు కాబట్టి మీకు ఒక్క మాట చెప్తే చాలు సార్, ఇక్కడ ఆర్డర్ అంటే రాబడి కాదు. ఎయిర్‌లైన్ ఆర్డరిచ్చినప్పుడు కొంచెం, మధ్యలో ఇంకొంచెం కడుతుంది, సగానికి పైగా డబ్బు మాత్రం విమానం తాళాలు చేతికొచ్చిన రోజే. ఎఫ్‌ఏఏ ఎగరొద్దని చెప్పాక తాళాలు ఇవ్వడం కుదరదు, కాబట్టి ఆ డబ్బు రాదు. కానీ ఫ్యాక్టరీ ఆగదు కదా, అక్కడ జీతాలు, అల్యూమినియం, ఇంజిన్లు, వందల మంది సప్లయర్లు. అంతకుముందు నెలకి 52 తయారు చేస్తున్న, సియాటెల్ పక్కన రెంటన్‌లో ఉన్న 737 ఫ్యాక్టరీ 42కి తగ్గించుకుని తయారు చేస్తూనే పోయింది, ఎక్కడ పెట్టాలో తెలియక చివరికి సియాటెల్‌లో ఉద్యోగులు కార్లు పెట్టుకునే పార్కింగ్‌లో కూడా విమానాలు పెట్టారు, ఆ ఫొటోలు అప్పట్లో బాగా తిరిగాయి. 2020 జనవరిలో ఇక లాభం లేదని మొత్తానికే ఆపేశారు, మళ్ళీ మొదలైంది మేలో. అప్పటికి అమ్ముడుపోయి కూడా అప్పగించలేని విమానాలు 400 దాకా పోగుపడ్డాయి.

ఇటు డబ్బు రాదు, అటు విమానాల్లేక ఫ్లైట్లు రద్దు చేసుకున్న ఎయిర్‌లైన్లకి నష్టపరిహారం. 2019 జులైలో ఒక్కసారే దానికోసం ట్యాక్స్ పోను 4.9 బిలియన్లు పక్కన పెట్టారు. 2020 మొదట్లో బోయింగే చెప్పిన మొత్తం ఖర్చు అంచనా 18 బిలియన్ల పైన, అదీ కోవిడ్ ముందు లెక్క. 2018 చివర 14 బిలియన్ల దగ్గరున్న అప్పు 2020 చివరికి 63 బిలియన్లు దాటింది. వడ్డీల భారం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

దీంట్లో నాకు మండేది ఒకటుంది. ప్రమాదాలకి ముందు ఆరేళ్ళలో ఈ కంపెనీ తన షేర్లు తనే కొనుక్కోడానికి 40 బిలియన్ల పైన ఖర్చు పెట్టింది. షేరు ధర పెరిగి 2019 మార్చి మొదట్లో 440 డాలర్ల దగ్గరికి వెళ్ళింది, అందరూ భేష్ అన్నారు. సరిగ్గా ఏడాదికి అది 100 కిందకి వచ్చింది, డివిడెండ్ ఆగిపోయింది. ఆ 40 బిలియన్లలో సగం దాచుకున్నా ఇన్ని అప్పులు అక్కర్లేదు, ఇంకా చెప్పాలంటే ఆ డబ్బుతో పాత 737కే మేకప్ వేసే బదులు కొత్త విమానమే డిజైన్ చేసుకోవచ్చు.

ప్రశ్న: సాఫ్ట్‌వేర్ బగ్ అన్నారు. బగ్ అయితే ప్యాచ్ రాసి అప్‌డేట్ కొడితే అయిపోద్ది కదా, 20 నెలలు ఎందుకు పట్టింది? నేను టెస్టింగ్‌లో పనిచేస్తా, అందుకే అడుగుతున్నా.
– కాకినాడ, ప్రస్తుతం బెంగళూరు

జవాబు: టెస్టింగ్ అన్నారు కాబట్టి మీ భాషలోనే, అది బగ్ కాదు, రిక్వైర్‌మెంటే తప్పు. రాసిన కోడ్ రాసినట్టే పనిచేసింది.

2010 చివర్లో ఎయిర్‌బస్ తక్కువ ఆయిల్ తాగే కొత్త ఇంజిన్లతో ఏ320 నియో ప్రకటించింది. 2011లో పదేళ్ళకు పైగా బోయింగే కొంటున్న అమెరికన్ ఎయిర్‌లైన్స్ కూడా అటు వైపు చూడటంతో బోయింగ్‌కి కంగారు పుట్టి, కొత్త విమానం ఆలోచన మానేసి 1960ల నాటి 737కే పెద్ద ఇంజిన్లు పెడతామంది. 737 నేలకి బాగా దగ్గరగా ఉంటుంది, ఆ పెద్ద ఇంజిన్లు రెక్క కింద పట్టవు, అందుకని ముందుకీ పైకీ జరిపి బిగించారు. దాంతో కొన్ని సందర్భాల్లో ముక్కు పైకి లేచే గుణం వచ్చింది. దాన్ని సర్దడానికి వెనక తోక దగ్గర చిన్న రెక్కలా ఉండే స్టెబిలైజర్‌ని తనంతట తనే కదిపి ముక్కుని కిందకి దించే ఎంక్యాస్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టారు. మొదట్లో ఒకసారికి 0.6 డిగ్రీలు మాత్రమే కదుపుతుందన్నారు, టెస్ట్ ఫ్లైట్ల తర్వాత 2.5 డిగ్రీలకి పెంచారు, ఎఫ్‌ఏఏకి ఇచ్చిన సేఫ్టీ లెక్కల్లో ఆ మార్పు సరిగ్గా ఎక్కలేదు. అంత శక్తి ఉన్న సిస్టమ్ నమ్ముకున్నది, గాలికి ముక్కు ఏ కోణంలో ఉందో చెప్పే ఒక్కటంటే ఒక్క సెన్సర్ రీడింగ్. విమానానికి రెండు సెన్సర్లున్నా రెండోదాన్ని అడగదు. ఆ సెన్సర్ తప్పు చూపిస్తే ముక్కు కిందకి, పైలట్ లాగితే కాసేపు ఆగి మళ్ళీ కిందకి, మళ్ళీ మళ్ళీ.

ఇదంతా పైలట్ల మాన్యువల్లో లేదు. ఎందుకు లేదంటే మళ్ళీ వ్యాపారమే, పాత 737 నడిపినవాళ్ళు సిమ్యులేటర్ ట్రైనింగ్ లేకుండా ఐప్యాడ్‌లో కొద్దిసేపు కోర్స్ చూసి మ్యాక్స్ ఎక్కేయొచ్చని చెప్పి అమ్మారు. సిమ్యులేటర్ తప్పనిసరి అయితే విమానానికి 10 లక్షల డాలర్లు తగ్గిస్తామని అమెరికా ఎయిర్‌లైన్ సౌత్‌వెస్ట్‌కి కాంట్రాక్టులోనే రాసిచ్చారు. 2017లో లయన్ ఎయిరే సిమ్యులేటర్ ట్రైనింగ్ అడిగితే అక్కర్లేదని ఒప్పించి, లోపల్లోపల మెసేజుల్లో వాళ్ళని వెక్కిరించుకున్నారు. అవే మెసేజుల్లో ఒక ఉద్యోగి, ఈ విమానాన్ని జోకర్లు డిజైన్ చేశారు, ఆ జోకర్లని కోతులు సూపర్వైజ్ చేస్తున్నాయి అని రాసుకున్నాడు. 2020 జనవరిలో అవి బయటికొచ్చాక పరువు ఏముంటుంది చెప్పండి.

ఇంకా ఘోరం, మొదటి విమానం పడ్డాక ఎఫ్‌ఏఏ వాళ్ళే లెక్క వేసుకున్నారు, మార్పులేమీ చేయకపోతే ఈ విమానాల జీవితకాలంలో 15 దాకా ప్రమాదాలు జరగొచ్చని. అయినా ఆపలేదు, పైలట్లు ఏం చేయాలో చెప్పే నోటీసు ఒకటి పంపి ఊరుకున్నారు. రెండోది పడింది.

అందుకే 20 నెలలు. కోడ్ మార్చడానికి అంత పట్టలేదు. రెండు సెన్సర్లూ పోల్చి చూడాలి, ఒకసారికి మించి తోయకూడదు, పైలట్ బలం కంటే ఎక్కువ తోయకూడదు, సిమ్యులేటర్ ట్రైనింగ్ ఇవ్వాలి, ఇవన్నీ చేశాక ఒక్క ఎఫ్‌ఏఏ చూస్తే చాలదని యూరప్, కెనడా, చైనా, బ్రెజిల్ ఎవరికి వాళ్ళు చూసుకుంటామన్నారు. అంతకుముందు ఎఫ్‌ఏఏ స్టాంపు వేస్తే మిగతా దేశాలు కళ్ళు మూసుకుని సంతకం పెట్టేవి. ఇప్పుడా రోజులు పోయాయి, కొత్తగా వస్తున్న 777ఎక్స్ పెద్ద విమానం 2020లో రావాల్సింది 2027కి వెళ్ళిందంటే ఇంజిన్ సమస్యలతో పాటు ఈ కొత్త చూపు కూడా కారణమే.

ప్రశ్న: అలాస్కా ఎయిర్‌లైన్స్ డోర్ ఊడిపోయిన ఘటనలో ఎవరూ చనిపోలేదు. అయినా ఇక్కడ సియాటెల్ ఏరియాలో దాని గురించి మాట్లాడినంత దేని గురించీ మాట్లాడలేదు. ఎందుకంత రచ్చ అయింది అండీ?
– బెల్వ్యూ, వాషింగ్టన్ రాష్ట్రం

జవాబు: మీరు అక్కడే ఉన్నారు, మీ పక్కింటివాళ్ళే చెప్పగలరు. అయినా నాకు తోచింది చెప్తాను. మొదటి రెండు ప్రమాదాలప్పుడు డిజైన్ తప్పు, అది సరిచేశాం, మనుషుల్ని మార్చాం, నేర్చుకున్నాం అని బోయింగ్ ఐదేళ్ళుగా చెప్తోంది. 2024 జనవరి 5న పోర్ట్‌లాండ్‌లో 177 మందితో లేచిన విమానానికి 16 వేల అడుగుల దగ్గర డోర్ ప్లగ్ (వాడని తలుపు చోటుని మూసే ప్యానెల్) ఎగిరిపోయింది. దాని పక్క సీట్లో ఆరోజు అదృష్టం కొద్దీ ఎవరూ లేరు. ఆ ప్లగ్ ఊళ్ళో ఒక టీచర్ గారి పెరట్లో దొరికింది, పట్టుకుని చూస్తే ఉండాల్సిన 4 బోల్టులు ఊడిపోలేదు, అసలు పెట్టనే లేదు. రెంటన్‌లో పక్కనున్న రివెట్లు బాగు చేయడానికి ప్లగ్ తీశారు, మళ్ళీ మూసేటప్పుడు బోల్టులు పెట్టలేదు, తీసినట్టు కాగితం మీద కూడా ఎక్కడా రాయలేదు. డిజైన్ గొడవ అంటే మామూలు జనానికి సగం అర్థమవుతుంది సగం కాదు, బోల్టు పెట్టడం మర్చిపోయారంటే చిన్నపిల్లాడికి కూడా అర్థమవుతుంది, రచ్చ అందుకే.

వ్యాపారం మీద దెబ్బ కూడా ఇదే గట్టిది. ఎఫ్‌ఏఏ నెలకి 38 మ్యాక్స్‌లకి మించి చేయడానికి వీల్లేదంది. ఆర్డర్లున్నాయి, కొనేవాళ్ళున్నారు, తయారు చేయడానికే పర్మిషన్ లేదు! 2025 అక్టోబర్లో గానీ అది 42 కాలేదు. అంతకుముందు ప్రతి మ్యాక్స్‌కీ ఎగరొచ్చని ఇచ్చే సర్టిఫికెట్ మీద ఎఫ్‌ఏఏ తరఫున బోయింగ్ ఉద్యోగులే సంతకం పెట్టేవాళ్ళు, 2019లో ఆ పెన్ను లాక్కున్నారు, 2025 సెప్టెంబర్లో తిరిగిచ్చారు గానీ వారం మార్చి వారం, ఒక వారం బోయింగ్, ఒక వారం ఎఫ్‌ఏఏ. అలాస్కాకి తొలి విడతగానే 160 మిలియన్ డాలర్లు కట్టారు. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ తనకి విమానాలు టైముకి రాక పైలట్లని జీతం లేని సెలవు పెట్టుకోమంది. మన అకాసాలో కూడా పైలట్లు నడపడానికి విమానాల్లేక ఖాళీగా కూర్చున్నారు.

మీ ఊళ్ళో సమ్మె సంగతి మీకు తెలిసిందే, 2024 సెప్టెంబర్లో 33 వేల మంది మెకానిక్కులు 50 రోజులకు పైగా పనికి రాలేదు. తర్వాత 17 వేల ఉద్యోగాల కోత. నష్టాల్లో ఉన్న కంపెనీలో మంచి పనివాళ్ళు ఉండరు, ఉన్నవాళ్ళకి అనుభవం ఉండదు, మళ్ళీ బోల్టుల దగ్గరే తేడా వస్తుంది, ఇదొక సుడిగుండం.

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్ నుంచి వెళ్ళే టికెట్ మీద 737 మ్యాక్స్ అని ఉంది, క్యాన్సిల్ చేయమంటారా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: వద్దమ్మా, వెళ్ళనివ్వండి. ఆ ఎంక్యాస్ సరిచేశాక అలాంటి ప్రమాదం మళ్ళీ జరగలేదు, రోజూ వేల ఫ్లైట్లు తిరుగుతున్నాయి. మన దగ్గర అకాసా, ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్, స్పైస్‌జెట్ ఇవే నడుపుతున్నాయి. టికెట్ మీద 737-8 అని ఉన్నా అది మ్యాక్సే, ఆ పేరు జనానికి గుర్తుండిపోయిందని చాలా ఎయిర్‌లైన్లు మెల్లగా రాయడం మానేశాయి. అమ్మాయిని మాత్రం సీట్లో ఉన్నంతసేపూ బెల్టు పెట్టుకోమనండి, అది ఏ విమానానికైనా చెప్పేదే.

ప్రశ్న: 346 ప్రాణాలకి ఒక్కరైనా జైలుకి వెళ్ళారా? అడ్వొకేట్‌గా అడుగుతున్నాను, ఫైన్ల గురించి కాదు.
– నంద్యాల

జవాబు: ఒక్కరు కూడా లేరు సార్. 2021 జనవరిలో ఎఫ్‌ఏఏని మోసం చేసిన కేసులో బోయింగ్ 2.5 బిలియన్ డాలర్లకి ఒప్పందం చేసుకుంది, అందులో క్రిమినల్ ఫైన్ 243.6 మిలియన్లే, 1.77 బిలియన్లు ఎయిర్‌లైన్లకి, చనిపోయినవాళ్ళ కుటుంబాలకి 500 మిలియన్లు. విమానం ఆలస్యమైనవాళ్ళకి వచ్చినదాంట్లో మనుషుల్ని పోగొట్టుకున్నవాళ్ళకి వచ్చింది మూడో వంతు కూడా లేదు. విచారణ ఎదుర్కొన్నది ఒక్క చీఫ్ టెక్నికల్ పైలట్, 2022 మార్చిలో జ్యూరీ ఆయన్ని నిర్దోషి అంది. సీఈఓ డెన్నిస్ ములెన్‌బర్గ్‌ని 2019 డిసెంబర్లో పంపేశారు, పోతూ పోతూ 60 మిలియన్లకు పైగా పట్టుకెళ్ళాడు.

డోర్ ఊడాక ఆ ఒప్పందం ఉల్లంఘించారని న్యాయశాఖే అంది, 2024 జులైలో బోయింగ్ నేరం ఒప్పుకోడానికి సిద్ధపడింది, డిసెంబర్లో టెక్సస్ జడ్జి రీడ్ ఓ'కానర్ ఆ డీల్ కొట్టేశారు, ఇదే జడ్జి అంతకుముందు ఇది అమెరికా చరిత్రలోనే అత్యధిక ప్రాణాలు తీసిన కార్పొరేట్ నేరం అనొచ్చు అన్నారు. తర్వాత ప్రభుత్వం మారింది, 2025లో 1.1 బిలియన్ల కొత్త ఒప్పందం, నేరం ఒప్పుకోనక్కర్లేదు, నవంబర్లో కేసు కొట్టేశారు. జడ్జి అయిష్టంగానే సంతకం పెట్టారు. డిఫెన్స్ కాంట్రాక్టులు తెచ్చుకునే కంపెనీకి నేరస్థుడు అనే ముద్ర పడకపోవడం ఫైన్ కంటే ఎన్నో రెట్లు విలువైంది, అది మీకు నాకంటే బాగా తెలుసు. సివిల్ వైపు మాత్రం కదలిక ఉంది, అదే నవంబర్లో చికాగో జ్యూరీ ఇథియోపియా ప్రమాదంలో మనిషిని పోగొట్టుకున్న ఒక భారతీయ కుటుంబానికి 28 మిలియన్ల పైన ఇవ్వాలంది.

ప్రశ్న: అహ్మదాబాద్‌లో కూలింది కూడా బోయింగే కదా, మరి దానికెందుకు బోయింగ్‌ని ఎవరూ ఏమీ అనట్లేదు? మన జిల్లా ఆయనే విమానయాన మంత్రి కూడా.
– శ్రీకాకుళం

జవాబు: అంటున్నారు అండీ, ఆరోజే షేరు 5 శాతం దాకా పడింది, కొత్త సీఈఓ కెల్లీ ఆర్ట్‌బర్గ్ పారిస్ ఎయిర్ షో ప్రయాణం మానుకున్నారు. కానీ 2025 జూన్ 12న కూలింది 787, మ్యాక్స్ కాదు, 2011 నుంచి తిరుగుతున్న ఆ మోడల్‌కి మనుషులు చనిపోయిన ప్రమాదం అదే మొదటిది. విమానంలో 241 మంది, కింద 19 మంది, మొత్తం 260 మంది పోయారు. మన విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఏఏఐబీ ప్రాథమిక నివేదికలో ఏముందంటే, లేచిన కొద్ది సెకన్లకే రెండు ఇంజిన్ల ఫ్యూయెల్ స్విచ్‌లు ఒకదాని వెనక ఒకటి కటాఫ్‌లోకి వెళ్ళాయి, ఎందుకు ఆపావని ఒక పైలట్ అడిగితే నేను ఆపలేదని ఇంకొకరన్నారు. అంతవరకే. ఆ దశలో బోయింగ్‌కి గానీ ఇంజిన్ కంపెనీకి గానీ ఏ మార్పులూ చేయమని చెప్పలేదు. ఆ నాలుగు మాటల మీద పైలట్‌దే తప్పని టీవీల్లో తీర్పులిచ్చేసినవాళ్ళూ, బోయింగ్‌దే తప్పని వాట్సాప్‌లో తీర్పులిచ్చేసినవాళ్ళూ ఇద్దరూ ఒకటే నా దృష్టిలో. బోయింగ్‌కి ఇక్కడ పడ్డ దెబ్బ వేరే, ఇప్పుడు వాళ్ళ విమానం ఏది పడినా, కారణం తెలియకముందే జనం వాళ్ళని అనుమానిస్తారు. పదిహేనేళ్ళ కింద అలా ఉండేది కాదు.

ప్రశ్న: మా తమ్ముడు ఆదిబట్ల దగ్గర విమాన విడిభాగాల కంపెనీలో చేస్తాడు. బోయింగ్‌కి అక్కడేదో అయితే వాడి ఉద్యోగానికి ఇబ్బందా?
– ఇబ్రహీంపట్నం

జవాబు: ఉండొచ్చమ్మా, అబద్ధం చెప్పను. ఆదిబట్లలో టాటా బోయింగ్ వాళ్ళు అపాచీ హెలికాప్టర్ బాడీలు చేస్తారు, 737 తోక మీద నిలువుగా ఉండే ఫిన్ కూడా అక్కడే తయారై అమెరికా వెళ్తుంది. హెలికాప్టర్ పని సైన్యం ఆర్డర్ కాబట్టి పెద్దగా కదలదు, 737 పని మాత్రం రెంటన్‌లో నెలకి ఎన్ని అనేదాని మీదే నడుస్తుంది. 2020 జనవరిలో అక్కడ మ్యాక్స్ తయారీ ఆపగానే అమెరికాలోనే విచిటాలో 737 బాడీలు చేసే స్పిరిట్ ఏరోసిస్టమ్స్ 2,800 మందిని ఇంటికి పంపింది, తప్పు వాళ్ళది కాకపోయినా.

ఆ స్పిరిట్ కథ విచిత్రం. అది ఒకప్పుడు బోయింగ్ సొంత ఫ్యాక్టరీయే, ఖర్చు తగ్గుతుందని 2005లో అమ్మేశారు, తర్వాత రేటు తగ్గించు రేటు తగ్గించు అని ఇరవై ఏళ్ళు పిండారు, చివరికి నాణ్యత పోయి బాడీలు లోపాలతో వస్తుంటే 4.7 బిలియన్ డాలర్లిచ్చి 2025 చివర్లో మళ్ళీ కొనుక్కున్నారు. మీ తమ్ముడికి ఒకటే చెప్పండి, పని తీసినట్టు, మళ్ళీ పెట్టినట్టు కాగితం మీద రాయకుండా ఎంత తొందరున్నా పార్టు ముందుకి పంపొద్దని.

ప్రశ్న: ఎయిర్‌బస్ వాళ్ళకి ఇలాంటివి జరగవా? ఇండిగో అంతా అదేగా.
– కర్నూలు

జవాబు: జరుగుతాయి. 2025 నవంబర్ చివర్లో ఏ320 రకం విమానాల్లో ఒక కంప్యూటర్ డేటాని సూర్యుడి రేడియేషన్ చెడగొట్టే ప్రమాదముందని ప్రపంచవ్యాప్తంగా సుమారు 6 వేల విమానాలకి సాఫ్ట్‌వేర్ మార్చమన్నారు, మన దేశంలోనే 338. దానికి మూలం, అక్టోబర్ చివర్లో అమెరికాకి చెందిన జెట్‌బ్లూ విమానం ఒకటి ఉన్నట్టుండి కిందకి దిగి కొందరికి దెబ్బలు తగిలాయి, నెలలోపే అందరికీ చెప్పేశారు, ఎక్కువ విమానాలు రెండు మూడు రోజుల్లో మళ్ళీ ఎగిరాయి. ఎయిర్‌బస్ మరీ పుణ్యాత్ములని కాదు, 2019లో ఎదుటివాడికి ఏమైందో చూశారు కదా.

ప్రశ్న: చరిత్రలో ఒక ప్రమాదం వల్ల నిజంగా దెబ్బతిని మూతపడ్డ విమాన కంపెనీ ఒక్కటైనా ఉందా?
– రాజమండ్రి, హిస్టరీ లెక్చరర్

జవాబు: వెంటనే మూతపడ్డది లేదు గానీ, మెల్లగా కనుమరుగైనవి ఉన్నాయి మేడమ్. ప్రపంచంలో మొదటి జెట్ ప్రయాణికుల విమానం బ్రిటన్ వాళ్ళ డీ హావిలాండ్ కామెట్, 1954లో రెండు విమానాలు గాల్లోనే ముక్కలయ్యాయి, లోహం అలసిపోయి పగుళ్ళొచ్చాయని తేలింది. సరిచేసుకుని 1958లో తిరిగొచ్చేసరికి బోయింగ్ 707 కూడా సిద్ధంగా ఉంది, ఇక బ్రిటన్ కోలుకోలేదు.

రెండోది మెక్‌డోనెల్ డగ్లస్. వాళ్ళ డీసీ-10కి కార్గో తలుపు సరిగ్గా లాక్ పడదని ముందే తెలుసు, 1974 మార్చిలో పారిస్ దగ్గర టర్కిష్ విమానం అదే తలుపు ఊడి కూలింది, చనిపోయింది 346 మంది, అవును, అదే సంఖ్య. 1979లో చికాగోలో ఇంకోటి కూలాక ఎఫ్‌ఏఏ డీసీ-10లన్నిటినీ నెలకి పైగా ఆపేసింది. ఆ రెండోదానికి కారణం ఎయిర్‌లైన్ మెయింటెనెన్స్ అని తేలింది గానీ అప్పటికే డీసీ-10 అంటే జనం భయపడటం మొదలైంది, అమ్మకాలు మళ్ళీ పుంజుకోలేదు. కంపెనీ సైన్యం ఆర్డర్లతో ఇంకో పద్దెనిమిదేళ్ళు బతికి 1997లో ఇంకొకరిలో కలిసిపోయింది. ఆ ఇంకొకరు బోయింగే. మెక్‌డోనెల్ డగ్లస్ వాళ్ళు బోయింగ్ డబ్బుతోనే బోయింగ్‌ని కొనేశారని సియాటెల్ పాత ఇంజినీర్లు ఇప్పటికీ అంటుంటారు, ఎందుకంటే కలిశాక పై కుర్చీల్లో కొన్నిటిలో కూర్చున్నది వాళ్ళ మనుషులే, 2001లో హెడ్డాఫీసుని ఫ్యాక్టరీలకి దూరంగా చికాగోకి తీసుకెళ్ళిందీ ఆ కాలంలోనే.